ఎవరి పక్కన ఎవరు

పోయిన ఏడు మామిడి కాపు మొదలయ్యేనాటికి నాకు రెండు ఉద్యోగాలు. ఒకటి ఇంటి పెద్దకోడలి ఉద్యోగం, దానికి జీతం లేదు. రెండోది మా ఊరి పక్క ఆవని కొండ కింద కూర్చుని కోతులను చూసి నోట్‌బుక్కులో రాయడం. "మునిలక్ష్మీ, కోతులకు హాజరు పిలుస్తావంట గదా" అని పాల డైరీ దగ్గర అందరూ ఆటపట్టించేవాళ్ళు. పిలుస్తానన్నాను. మీ పిల్లల కంటే అవే నయం, పిలవకుండానే వస్తాయని కూడా అన్నాను. నా నోరు అలాంటిది. ఆ నోరు మూసుకుని ఆ ఏడు ఎన్ని దినాలు ఉన్నానో తలుచుకుంటే ఇప్పటికీ నాకే నమ్మకం కలగదు.

ఆ పని అప్పజెప్పింది నయన అనే అమ్మాయి. బెంగళూరులో పెద్ద చదువు చదువుతోంది. మంచి, చెడ్డ, న్యాయం, అన్యాయం అని మనుషులు అనుకుంటున్నామే, ఇవన్నీ మనకు ఎక్కడినుంచి వచ్చాయో కోతుల్లో వెతుకుతోందట. గుంపులో కట్టుబాటు ఎలా పుడుతుంది, దాన్ని దాటినదాన్ని మిగతావి ఏం చేస్తాయి, ఇదీ ఆమెకు కావాల్సింది. నా పని మాత్రం సులువు. పావుగంటకోసారి తలెత్తి చూడాలి. ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారు, ఎవరి తల ఎవరు చూస్తున్నారు, రాయాలి. పక్కన ఎవరూ లేకపోతే 'ఒంటరి' అని రాయాలి. గురువారం గురువారం ఆమె వచ్చి పేజీలు ఫోటో తీసుకునేది.

ఆమె కోతులకు నంబర్లు పెట్టింది. నాకు నంబర్లు గుర్తుండవు కాబట్టి పేర్లు పెట్టుకున్నాను. పెద్ద మగదాని పేరు గౌడు. చెవి చిరిగిన ముసలిది అవ్వ. అవ్వ కూతురు, ఎంత తిన్నా ఒళ్ళు పట్టనిది, సన్నది.

ఇంట్లో మేము ఆరుగురం. అత్త మునివెంకటమ్మ, నా భర్త జయరాం, నేను, మా ఆరేళ్ళ పాప, మరిది అంబరీష్, అతని భార్య చంద్రిక. అంబరీష్ మాలూరులో ఫ్యాక్టరీ పని చేస్తాడు. శనివారం వచ్చి సోమవారం తెల్లవారి బస్సుకు వెళ్ళిపోతాడు. చంద్రిక పుట్టిల్లు నంగలి. పెళ్ళై రెండేళ్ళు. పెద్దగా మాట్లాడదు, కానీ అడిగితే మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తుంది. ఇలాంటి మనిషితో కాపురం కష్టమని మొదటి నెలలోనే నేను తేల్చుకున్నాను.

బాదామి మామిడికాయ పచ్చిగా ఉన్నప్పుడే కోతులు మా తోట మీద పడ్డాయి. తినేది ఒకటి, కొరికి పారేసేది పది. జయరాం మోటరు లైను నుంచి తీగ లాగి కంచె చుట్టూ కట్టాడు. "షాక్ కొడితే భయపడి పోతాయి అంతే" అన్నాడు. నేను వద్దనలేదు.

ఆదివారం పొద్దున అవ్వ కంచె కింద పడి ఉంది. నోట్లో పచ్చి కాయ అలాగే ఉంది. గోడ మీద సన్నది కూర్చుని ఉంది. అరవలేదు, కదలలేదు, మా మొహాలు ఒక్కొక్కటే చూస్తోంది.

మా పక్క కోతి చచ్చిపోతే మనిషికి చేసినట్టే చేస్తారు. కూర్చోబెట్టి పసుపు కుంకుమ పెట్టి, పూలు వేసి, తప్పెట్లతో ఊరంతా తిప్పి పూడుస్తారు. పదకొండో దినం తిథి చేసి ఊరికి అన్నం పెడతారు. చంపినవాడికి ఊళ్ళో తలెత్తుకునే దారి ఉండదు. అత్త ఒక్క క్షణం ఆలోచించింది.

"తిప్పలో పూడ్చేయప్పా," అంది కొడుకుతో. "బిరిక్కిన కానియ్యి, జాగు చేయొద్దు."

పేడ తిప్పలో జయరాం, అంబరీష్ గుంత తవ్వారు. చంద్రిక, నేను నిలబడి చూశాం. ఎవరికీ చెప్పొద్దని అత్త అనలేదు. ఆ మాట అనాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు.

గురువారం నయన వచ్చింది. కొండ కింద బండ మీద కూర్చుని పేజీలు తిప్పి, "అక్కా, ఆదివారం నుంచి అవ్వ లేదే? ఏమైంది?" అని అడిగింది.

"తెలీదు మేడమ్. యాడన్నా పోయుంటాది."

నాకు మజ్జిగ తెచ్చిన చంద్రిక వెనకే నిలబడి ఉంది. "మా తోటలో కరెంటు తగిలి చచ్చిపోయింది అక్కా" అంది నయనతో. "తిప్పలో పూడ్చినారు." బస్సు ఎన్ని గంటలకని అడిగితే చెప్పినట్టు చెప్పింది.

ఆ మాట ఊళ్ళోకి పాకి, సాయంత్రానికి ఊరు ఊరంతా మా ఇంటి ముందు ఉంది. తిప్ప తవ్వారు. ముక్కు మూసుకుని అవ్వను తీసి, కడిగి, కూర్చోబెట్టి, పూలు వేశారు. జయరాంకు అందరి ముందూ గుండు గీయించి, తడిబట్టలతో తప్పెట్ల ముందు నడిపించారు. కంచె తీగ పీకేశారు. మోటరు లైను కూడా కోయించేశారు. అత్త స్తంభం పట్టుకుని నిలబడి అంతా చూసింది. ఇంగ ఇంట్లో పెద్ద గలాటా అవుతుందని నేను కాచుకుని ఉన్నాను.

ఏమీ కాలేదు. అందరం లోపలికి వచ్చాం. చంద్రిక పొయ్యి దగ్గర నుంచి అడిగింది.

"అత్తా, ముద్దలోకి సారు వేడి చేసేదా?"

అత్త వినలేదు. చంద్రిక మళ్ళీ అడిగింది. అత్త దీపం ఒత్తి సరిచేసుకుంటోంది. జయరాం కూర్చుని నీళ్ళు అడిగాడు. చంద్రిక చేతిలో చెంబు ఉంది, అతనికి రెండడుగుల దూరంలో ఉంది. కానీ అతను నా వైపు చూసి అడిగాడు. నేను లేచి పోయి వేరే చెంబుతో తెచ్చిచ్చాను.

మొదలైంది అలాగే. తర్వాత ఎన్నోసార్లు ఆ సాయంత్రాన్ని వెనక్కి తిప్పి చూసుకున్నాను. మొదలుపెట్టింది అత్త అందామంటే, ఆమెకు చెవులు కొంచెం మందమే, నిజంగా వినలేదేమో. జయరాం అందామంటే, మొగుడు పెళ్ళాన్ని నీళ్ళు అడగడం తప్పా? కాబట్టి నేనేనేమో. ఆ చెంబు అందుకోకుండా రెండో చెంబు తెచ్చింది నేనే.

మరుసటి దినం నుంచి ఇంట్లో చంద్రిక ఉంది, లేదు. ఎవరూ తిట్టలేదు. తిండి తగ్గించలేదు. ఆమె ప్లేటులో రాగిముద్ద అందరికంటే ఒక పిడికెడు ఎక్కువే ఉండేది. ఆమె ఉన్న గదిలో అందరం మాట్లాడుకునేవాళ్ళం, నవ్వేవాళ్ళం. ఆమె ఏదైనా అంటే కిటికీ తలుపు గాలికి కొట్టుకున్నట్టు ఒక క్షణం ఆగి, మళ్ళీ మా మాటల్లో పడేవాళ్ళం. శనివారం అంబరీష్ వచ్చాడు. మొగుడు కదా, ఏదో ఒకటి అంటాడు, కొట్టనైనా కొడతాడు, దానితో ముడి విడిపోతుందని అనుకున్నాను. అతను తిన్నాడు. చాప తీసుకుని వసారాలో పడుకున్నాడు. సోమవారం బస్సెక్కాడు.

నన్ను నిజంగా భయపెట్టింది పాప. ఒక మధ్యాహ్నం చంద్రిక పండు కోసి, తొక్క తీసి, ముక్క దాని నోటి దగ్గర పెట్టింది. అంతకుముందు చంద్రిక చేతి ముక్క తప్ప వేరే ముక్క తినేది కాదు ఈ పిల్ల. ఇప్పుడు మొహం పక్కకు తిప్పుకుంది. విసురు లేదు, కోపం లేదు. మా అత్త ఎలా తిప్పుకుంటుందో అచ్చం అలాగే.

బయటికి తీసుకుపోయి అడిగాను. "ఏమే, పిన్ని ఇస్తే ఎందుకు తినలేదు?"

"సుమ్నే, ఊరికే" అంది.

"ఎవరన్నా వద్దన్నారా?"

"ఎవురూ అనలేదు." దాని కళ్ళలో అబద్ధం లేదు.

కొండ కింద ఇంకొకటి నడుస్తోంది. తీగ పీకేసిన రెండో దినానికే గుంపు తోటలోకి దిగాలని చూసింది. కంచె దగ్గరికి రాగానే సన్నది గోడ మీద నిలబడి గొంతు చించుకుని అరిచింది. అవి ఆగిపోయాయి. మూడో దినమూ అంతే. నాలుగో దినం ఒక పిల్లకోతి దూకి, కాయ కోసుకుని, ఏమీ కాకుండా తిరిగి వచ్చింది. ఆ తర్వాత సన్నది ఎంత అరిచినా ఎవరూ ఆగలేదు. గౌడు వెళ్ళి దాని వీపు కొరికాడు. అప్పటి నుంచి దాని పక్కన ఎవరూ కూర్చోలేదు. అది దగ్గరికి పోతే లేచి వేరే బండ మీదికి పోతాయి. నా నోట్‌బుక్కులో దాని పేరుకు ఎదురుగా ఒంటరి, ఒంటరి, ఒంటరి. రాసి రాసి చేయి ఆగిపోయేది.

రెండో గురువారం నయనకు చూపించాను. ఇద్దరం కూర్చుని చూస్తుండగానే గౌడు బండ అవతలికి పోయాడు. అతను కనుమరుగు కాగానే ఒక చిన్న ఆడకోతి గబగబా వచ్చి, సన్నదాని వీపు మీద గాయం నాలుగు క్షణాలు నాకి, అతను తిరిగొచ్చేలోపల తన చోటికి పోయి కూర్చుంది. నయన నవ్వింది.

"చూసినారా అక్కా? పెద్దోడు చూడకపోతే చాలు వీటికి. వీటి కట్టుబాటు అంతా అవతలోడి కండ్లలో ఉండాది. మన మాదిరి లోపల లేదు, లేదా ఉన్నా అంత గట్టిగా లేదు. అదే నేను వెతికేది."

"మన మాదిరి అంటే?"

"ఎవరూ లేనప్పుడు కూడా మనం చేయం గదా, తప్పు."

ఆమె అది గొప్ప సంగతిలాగా చెప్పింది.

ఆ తర్వాత రెండు దినాలకు చూశాను. మధ్యాహ్నం ఎండ. నేను అన్నం తిని ఆలస్యంగా కొండ కిందికి పోయాను. నేను కూర్చునే బండ మీద చంద్రిక కూర్చుని ఉంది, నాకు వీపు చేసి. జుట్టు విప్పుకుని ఉంది. ఆమె వెనక సన్నది. రెండు చేతులతో చంద్రిక జుట్టు పాయలు పాయలుగా విడదీసి చూస్తోంది. ఏదో దొరికితే నోట్లో వేసుకుంటోంది. చంద్రిక తల వెనక్కి వాల్చింది. కళ్ళు మూతలు పడుతున్నాయి. కోతివీ మూతలు పడుతున్నాయి. గాలి లేదు. మిగతా కోతులన్నీ పైబండల మీద వరసగా కూర్చుని వీళ్ళిద్దరినీ చూస్తున్నాయి, ఒక్కటి కూడా గీపెట్టడం లేదు. ఆ వరసలో నాకూ ఒక చోటు ఖాళీగా ఉన్నట్టు అనిపించింది.

చంద్రిక నన్ను చూసింది. "అక్కా" అంది. "పది దినాలైంది నన్ను ఎవరన్నా ముట్టి."

నేను పలకలేదు. రాళ్ళ మధ్య ఇద్దరమే ఉన్నాం, పలకొచ్చు. పావుగంట అయిందని నోట్‌బుక్కు తెరిచి రాసుకున్నాను. సన్నది, చంద్రిక పక్కన. సన్నది చంద్రిక తల చూస్తోంది. పని పని కదా.

పన్నెండో దినానికి కోతులు సన్నదాన్ని కలిపేసుకున్నాయి. ఏం జరిగిందో నాకు తెలీదు. పొద్దున పోయేసరికి గౌడు దాని ఒళ్ళో తల పెట్టి పడుకుని ఉన్నాడు, అది బుద్ధిగా అతని చెవి వెనక వెతుకుతోంది. కొరికినవాడు, కొరికించుకున్నది. అంతే, అయిపోయింది. సన్నది మళ్ళీ ఆ బండ వైపు రాలేదు. చంద్రిక మాత్రం రోజూ వచ్చి జుట్టు విప్పుకుని కూర్చునేది.

మూడో గురువారం నయన రాలేదు. నాలుగో గురువారం పేజీలు ఫోటో తీస్తూ ఆగిపోయింది.

"అక్కా, కొత్తది చేరిందా గుంపులో? చెప్పనే లేదు మీరు."

"కొత్తది యాది?"

"ఈ చంద్రిక."

నోట్‌బుక్కు తీసుకుని చూశాను. నా రాతే. గౌడు, సన్నది, మిగతావి, అన్నిటి కింద వరసలో చంద్రిక. ఒంటరి. పావుగంటకోసారి, తొమ్మిది దినాలు, ఒక్క గడి కూడా వదలకుండా ఒంటరి. రాసినట్టు నాకు గుర్తు లేదు. మజ్జిగ తెచ్చిన పిల్ల పేరు నయనకు తెలీదు. ఆమెకు ఇది ఒక కోతి.

"ఇది బతకదక్కా" అంది మెల్లగా. "ఇట్లాంటివి నేను మూడు చూసినాను. ఇన్ని దినాలు ఒక్కరూ ముట్టకపోతే గుంపు విడిచిపోతాయి. ఒక్కటే పోయినది నెల తిరగదు. కుక్కలకో, రోడ్డు మీద లారీకో పోతాది."

"తిండి బాగానే తింటా ఉండాది మేడమ్."

"తిండిది కాదక్కా." ఆమె పేజీ మీద వేలు పెట్టింది. "యాది ఇది? చూపించండి, ఫోటో తీసుకుంటాను."

ఇప్పుడు లేదు, పైకి పోయిందని చెప్పాను. రెండో అబద్ధం.

నేరుగా ఇంటికి వచ్చాను. చంద్రిక వంటింట్లో లేదు, పెరట్లో లేదు. యాడుందని అత్తను అడగబోయి, అడగలేకపోయాను, ఆ పేరు ఇంట్లో పలికి మూడు వారాలు. కొట్టంలో దొరికింది. ఆవుల వెనక మట్టిగోడకు మొహం పెట్టి నిలబడి మాట్లాడుతోంది.

"తిన్నావా చంద్రికా?" అని అడిగింది. కాస్సేపు ఆగింది. గొంతు మార్చి చెప్పింది. "తిన్నాను. నువ్వు తిన్నావా?"

అడిగిన గొంతు నాది. అచ్చం నేను అడిగే తీరు. ఆవు నెమరు వేస్తూ ఆమెనే చూస్తోంది.

ఆ సాయంత్రం వెలుగుండగానే అందరం తినడానికి కూర్చున్నాం. నేను ముద్దలు పెడుతున్నాను. చంద్రిక గోడ దగ్గర తన చోట కూర్చుని ఉంది. ఆమె ముందు నిలబడ్డాను.

"చంద్రికా, ఇంకో ముద్ద పెట్టేదా?"

నమిలే చప్పుడు ఆగిపోయింది. చంద్రిక తలెత్తి నా నోటి వైపు చూసింది, కళ్ళ వైపు కాదు. ఒకసారి తెరిచాక నా నోరు ఆగదు.

"మేడమ్ ఆ పొద్దు అడిగింది నన్ను. నేను తెలీదన్నాను. దీన్నెవరూ అడగలేదు, నిజం చెప్పింది. తీగ కట్టింది ఈయన. తిప్పలో పూడ్చమన్నది నువ్వత్తా. అవ్వను చంపింది మనం. ఇప్పుడు ఈ పిల్లను చంపతా ఉండాము. చాలు ఇంగ."

జయరాం గుండు మీద వెంట్రుకలు అప్పుడప్పుడే మొలుస్తున్నాయి. చేత్తో తడుముకున్నాడు. అత్త ప్లేటులో చేయి కడుక్కుని లేచింది. ఏడ్చేది చంద్రిక ఒక్కతే. అది చూసి నా గుండె మీది బండ దిగినట్టయింది, నిజం చెప్పాలంటే గర్వంగా కూడా అనిపించింది. గెలిచాననుకున్నాను.

పొద్దున లేచేసరికి అత్త గొంతు వినిపించింది.

"అమ్మా చంద్రికా, డైరీకి టైమైంది, పాలు పొయ్యి తల్లీ."

"వస్తా ఉండాను అత్తా!" ఎంత వేగంగా పలికిందో. పరిగెత్తుకుంటూ వచ్చింది, చేతిలో కేను గలగలమంటోంది. జయరాం ఆమెను తువ్వాలు అడిగాడు. పాప ఆమె కొంగు పట్టుకుని డైరీ దాకా పోయింది. నాకు ఆనందంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "కాఫీ పెట్టేదా అత్తా?" అని అడిగాను.

అత్త దీపం ఒత్తి సరిచేసుకుంటోంది.

మళ్ళీ అడిగాను. జయరాం వైపు చూశాను. అతను పంచె కట్టుకుంటూ అమ్మతో తోతాపురి కాయ లారీ సంగతి మాట్లాడుతున్నాడు. మధ్యాహ్నం నా ప్లేటులో ముద్ద ఒక పిడికెడు ఎక్కువ ఉంది.

శనివారం అంబరీష్ వచ్చి చంద్రికకు మల్లెపూలు ఇచ్చాడు. వసారాలో చాప లేదు. నేను పక్కనుంచి పోతుంటే నవ్వు మధ్యలో ఒక క్షణం ఆగి, మళ్ళీ నవ్వుకున్నారు. నేను ఇంటి మొహాలన్నీ చూశాను, ఎవరిని పట్టుకుని అడగాలో తెలిస్తే బాగుండునని. అత్త మొహంలో కోపం లేదు. ఎవరి మొహంలోనూ ఏమీ లేదు.

కాపు చివరి వారం. మోటరు లైను పోయినప్పటి నుంచి ఇంటికి నీళ్ళు ఊరవతలి బోరింగు నుంచే. నేనూ చంద్రికా బిందెలు తీసుకుని పోయాం, ఆమె ముందు, నేను వెనక. పొద్దెక్కింది. రెండు వైపులా దారి కనిపించినంత దూరం మనిషి లేడు. కొండ మీద ఒక్క కోతి కూడా లేదు. నా బిందె గొట్టం కింద పెట్టి అడిగాను.

"చంద్రికా, ఎవురూ లేరు. ఒక్క మాట మాట్లాడమ్మా."

ఆమె దారి ఇటు చూసింది, అటు చూసింది. ఎవరూ లేరు. పెదవులు కదిలాయి. నేను ఒక అడుగు ముందుకు వేశాను. పెదవులు మూసుకుంది. ఆమె మొహంలో పగ లేదు, భయం కూడా లేదు. చెప్పులు వేసుకుని ఉన్నాం కదా అని దేవుడి గది గడప దగ్గర ఆగిపోయేవాళ్ళ మొహం అది.

నేను ఆమెను తప్పు పట్టను. ఆ మూడు వారాలూ ఇదే బోరింగు దగ్గరికి ఇద్దరమే వచ్చేవాళ్ళం. ఆమె ప్రతిసారీ ఏదో ఒకటి అడిగేది. నేనూ దారి అటూ ఇటూ చూసేదాన్ని, ఎవరూ ఉండేవాళ్ళు కాదు, నేనూ పలకలేదు.

చంద్రిక బోరింగు కొట్టింది. నేను బిందె పట్టుకున్నాను. నా బిందె నిండాక ఆమె బిందె పెట్టాను. రెండూ నిండాయి. ఒకరి నెత్తికి ఒకరం బిందె ఎత్తి ఇంటికి వచ్చాం.